బాయి పనీ, బతుకు భరోసా

మా కోరుట్ల వైపు పల్లెల్లో 'బాయి' అంటే పొలంలో వుండే బావి. ఎడ్లు ముందుకూ వెనక్కూ నడుస్తుంటే మోటతో నీళ్ళు తోడినది ఆ బాయి నుంచే. వేసవిలో అడుగంటి రైతు గుండె గుభేలుమనిపించేదీ ఆ బాయే. అక్కడినుంచి తూర్పుగా గోదావరిఖని దాకా పోతే అదే మాటకు అర్థం మారుతుంది. అక్కడ 'బాయి' అంటే బొగ్గు గని. ఊళ్ళో ఎవరినయినా గురించి 'బాయి పనికి పోయిండు' అంటే ఏ బాయి అని అడగవలసిన అవసరం వుండేది కాదు. ఒక బాయి ఎండిపోయినవాడే ఇంకొక బాయిలోకి దిగాడు.

నా చిన్నతనంలో పెళ్ళి సంబంధాల మాటలు నడుస్తున్నప్పుడు 'సింగరేణిల పర్మనెంటు' అన్న రెండు మాటలు అయిదెకరాల తరి పొలంతో సమానంగా తూగేవి. పిల్లవాడి చదువు ఎంత అని అడిగేవాళ్ళు కారు. మస్టర్లు నిండాయా, క్వార్టరు వచ్చిందా అని అడిగేవాళ్ళు. ప్రాణానికి భద్రత లేని పనికి బతుకు భద్రతలో అంత విలువ ఎలా వచ్చిందన్న ప్రశ్న చాలాకాలం తరువాత గాని నాకు తోచలేదు.

పెద్ద కంపెనీలు తమ ఉద్యోగులను గురించి చెప్పుకునేటప్పుడు మూడు మాటలు వాడుతుంటాయి. మంచి జీతంతో రప్పిస్తాం, సౌకర్యాలతో ఆదుకుంటాం, ప్రమాదం నుంచి కాపాడతాం. తెలంగాణాలో ఇంధనానికి సంబంధించిన అతి పెద్ద సంస్థ సింగరేణి. అక్కడ కూడా 'సింగరేణి కుటుంబం' అన్న మాట తరచు వినబడుతుంది. మన రచయితలు బాయి లోపలి చావును గురించి బలంగా రాశారు. బాయి వెలుపలి ఈ భరోసా ఎక్కడినుంచి వచ్చింది, ఎవరిదాకా వచ్చి ఆగిపోయింది అన్నదాన్ని చరిత్రగా చూసింది మాత్రం తక్కువ. నా అభిప్రాయంలో ఈ భరోసాలో ప్రతి అంశానికీ ఒక పోరాటమో, ఒక చట్టమో, ఒక ప్రమాదమో మూలంగా వుంది. ఆ భరోసా చుట్టూ మొదటినుంచీ ఒక కంచె కూడా వుంది. రెండింటినీ కలిపి చూస్తేనే చరిత్ర అర్థమవుతుంది.

భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన డాక్టర్ కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును కనుగొన్నది 1871లో. ఇంగ్లండులో నమోదయిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ గనుల హక్కులు సంపాదించినది 1886లో. బొగ్గు తవ్వకం మొదలయినది 1889లో. ఈ మధ్యలో 1888లో బ్రిటిషు పార్లమెంటు కమిటీ ఒకటి ఈ కంపెనీ వ్యవహారం మీద విచారణ జరిపింది. ఆ విచారణ వాటాలు ఎవరికి ఎలా దక్కాయి, ఎవరు ఎంత లాభపడ్డారు అన్నదాన్ని గురించి. బొగ్గు తవ్వబోయే మనిషి అందులో విషయమే కాదు. కంపెనీ పుట్టినప్పుడు దాని లెక్కల్లో రెండే వస్తువులు వున్నాయి. ఒకటి బొగ్గు, రెండవది దాన్ని కొనే రైలు. మనిషిని తెచ్చే పని కాంట్రాక్టరుది.

1920 డిసెంబరు 23న 'సింగరేణి కాలరీస్ కంపెనీ' అన్న పేరు వచ్చింది. 1945లో నిజాం ప్రభుత్వం అధిక సంఖ్యాక వాటాలు తీసుకున్నది. పేరు మారినా, యజమాని మారినా, బాయిలోకి దిగే మనిషి పరిస్థితి దానంతటదే మారలేదు. మార్పుకు మొదటి అడుగు వేసినది 1940ల కార్మికోద్యమం. 1946లో అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు ఏర్పడింది. గని కార్మికులను సంఘటితం చేసిన శేషగిరి తెలంగాణా సాయుధ పోరాట కాలంలో ప్రాణాలర్పించాడు. తరువాతి కాలంలో పి. చంద్ ఆయన పేరుతోనే నవల రాశాడు. 1948లో దేశంలో బొగ్గు గనుల ప్రావిడెంటు ఫండు చట్టం, 1952లో గనుల చట్టం వచ్చాయి. సంస్థానం ఇండియా యూనియనులో కలిసిన తరువాత ఈ చట్టాలు మన గనులకూ వర్తించాయి. కంపెనీ కార్మికుడికి ఇచ్చిందని మనం అనుకునే అనేక సౌకర్యాలకు పునాది ఈ చట్టాల్లో వుంది. ఆ చట్టాల వెనుక దేశమంతటా జరిగిన సమ్మెలు వున్నాయి.

ఇక మా ప్రాంతం సంగతి. రామగుండం, గోదావరిఖని వైపు గనులు తెరుచుకున్నది 1960ల్లో. అప్పటికి జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల పల్లెల్లో గడీలు వున్నాయి, దొరలు వున్నారు. వెట్టి చట్టంలో రద్దయినా వాడకలో వుంది. తప్పు చేశావని దొర వేసిన దండుగ కట్టలేక ఏడాదికేడాది జీతం వుండిన మనుషులు వున్నారు. అలాంటి జీతగాడికి బొగ్గు బాయి ఎలా కనిపించి వుంటుందో వూహించాలి. అక్కడ చీకటి వుంది, వేడి వుంది, కప్పు కూలుతుందన్న భయం వుంది. అయితే నెల తిరిగేసరికి చేతిలో పడే డబ్బు వుంది. ఎనిమిది గంటలు దాటిన తరువాత తన సమయం తనది. సింగరేణి కార్మికుడిని ఆకర్షించినదేమిటని అడిగితే కంపెనీ ప్రకటనల్లో జవాబు దొరకదు. జవాబు గడీలో దొరుకుతుంది. పల్లె తరిమింది కాబట్టి గని పిలిచినట్టయింది.

అలా పోయినవాడికి అక్కడ మరో దొర ఎదురయ్యాడు. గనిలో అధికారిని కూడా కార్మికులు 'దొర' అనే పిలిచేవాళ్ళు. ఆ పిలుపు పల్లె నుంచి మూటలో కట్టుకుని తెచ్చుకున్నదే. అక్కడ మొదట దొరికే పని బదిలీ ఫిల్లరుది. ఎవరయినా రాకపోతే ఆ రోజుకు పని, అందరూ వస్తే ఖాళీ చేతులతో తిరుగు ముఖం. తవ్విన బొగ్గును తట్టతో టబ్బులోకి నింపాలి. గని లోపల పనిచేసేవాడికి ఏడాదిలో 190 మస్టర్లు, ఉపరితలంలో పనిచేసేవాడికి 240 మస్టర్లు నిండాలి. గనుల చట్టంలో సెలవుల కోసం పెట్టిన లెక్క ఇది. పర్మనెంటు కావడానికీ అదే కొలమానమయింది. జ్వరం వచ్చినా దిగడానికి కారణం ఈ మస్టర్లే. కంపెనీ ఇచ్చే రక్షణ కంచెలోకి అడుగు పెట్టడానికి ముందు మనిషి ఆ కంచె బయట ఎంతకాలం నిలబడవలసి వచ్చేదో ఈ సంఖ్యలు చెబుతాయి.

1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీల మహాసభకు పల్లెలకు పల్లెలు కదలివచ్చాయి. జైత్రయాత్ర అన్న పేరు దానికి స్థిరపడింది. వెట్టి పోవాలి, దొరలు వసూలు చేసిన దండుగలు తిరిగి ఇవ్వాలి, ఆక్రమించిన బంజర్లు పేదలకు రావాలి, కూలి పెరగాలి. ఇవీ ఆ సంఘాల కోరికలు. మాట వినని దొరలను పల్లెలు సాంఘికంగా బహిష్కరించాయి. ఆ అక్టోబరులోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. మరుసటి నెలలో, అదే కరీంనగర్ జిల్లా రామగుండంలో, జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ కేంద్రానికి ప్రధాని మొరార్జీ దేశాయి శంకుస్థాపన చేశాడు. ఒకే జిల్లాలో రెండు నెలల వ్యవధిలో ఇవి రెండూ జరిగాయి. రాజ్యానికి ఆ జిల్లా నుంచి ఏం కావాలో, ఏది అక్కరలేదో అంతకంటె స్పష్టంగా చెప్పడం కష్టం.

ఆనాటి పల్లె కదలికను అల్లం రాజయ్య 'కొలిమంటుకున్నది' నవలలో పట్టుకున్నాడు. విమర్శకులు దాన్ని రైతాంగ నవలగా చూశారు. అది సరయినదే. అయితే పల్లె కథ, గని కథ అని మనం సాహిత్యాన్ని రెండు అరల్లో సర్దుకోవడంలో పొరపాటు వుంది. అన్న పల్లెలో దొరతో తగవులో వుంటే తమ్ముడు గోదావరిఖనిలో మస్టర్ల లెక్క చూసుకుంటున్న కాలం అది. పండుగకు ఊరికి వచ్చిన తమ్ముడు యూనియను మాటలు తెచ్చాడు. గనికి తిరిగిపోతూ సంఘం మాటలు పట్టుకుపోయాడు.

1981లో సింగరేణిలో 56 రోజుల సమ్మె జరిగింది. వేతనాల చెల్లింపు చట్టంలో అప్పుడు ఒక నిబంధన వుండేది. పదిమంది గాని అంతకంటె ఎక్కువమంది గాని నోటీసు లేకుండా కలిసి పని మానేస్తే ఎనిమిది రోజుల వేతనం దాకా కోత పెట్టవచ్చునన్నది ఆ నిబంధన. ఆ కోతకు వ్యతిరేకంగా వచ్చినదే ఆ సమ్మె. సింగరేణి కార్మిక సమాఖ్య పుట్టుక కూడా ఆ సందర్భంలోనిదే. ఒక విషయం గమనించదగ్గది. 1936లో చేసిన ఈ చట్టం కార్మికుడి వేతనాన్ని కాపాడడానికి ఉద్దేశించినది. అందులోని ఒక నిబంధన అతని చేతిని కట్టివేయడానికి పనికివచ్చింది. రక్షణ అన్న మాటకు రెండు అంచులు వుంటాయని చెప్పడానికి ఇంతకంటె వేరే ఉదాహరణ అక్కరలేదు.

1974లో వచ్చిన ఒప్పందాలతో మొదలై బొగ్గు పరిశ్రమ మొత్తానికి జాతీయ వేతన ఒప్పందాలు అమలులోకి వచ్చాయి. సింగరేణి కోల్ ఇండియాలో భాగం కాదు. అందులో రాష్ట్ర ప్రభుత్వానికి 51, కేంద్రానికి 49 శాతం వాటాలు. అయినా ఆ వేతనాలు ఇక్కడా వర్తించాయి. కొత్తగూడెంలో ప్రధానాసుపత్రి, గోదావరిఖని, రామకృష్ణాపూర్ వంటి చోట్ల ఏరియా ఆసుపత్రులు, కాలనీలు, బడులు వచ్చాయి. మా పల్లెల్లో పురుటికి జగిత్యాల దాకా బండి కట్టవలసిన రోజుల్లో కార్మికుడి భార్యకు కంపెనీ ఆసుపత్రిలో మంచం దొరికేది. ఈ సౌకర్యాన్ని తక్కువ చేసి చూడడం అభ్యుదయ దృష్టి కాదు. ఒక మనిషి జీవితంలో దాని విలువ ఎంతో అనుభవించిన ఇంటికే తెలుసు.

అన్నిటికంటె చిత్రమయిన భరోసా వారసత్వ ఉద్యోగం. తండ్రి చనిపోయినా, రోగంతో పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేల్చినా, కొడుక్కి ఉద్యోగం. ఇది కార్మిక కుటుంబాన్ని వీధిన పడకుండా నిలబెట్టింది. అయితే దాని లోపలి తర్కాన్ని చూడాలి. తండ్రి ఆరోగ్యం కొడుకు ఉద్యోగానికి ఎదురుగా త్రాసులో నిలబడింది. 'అన్‌ఫిట్' అన్న మాట విని కన్నీళ్ళు పెట్టుకున్న ఇంట్లోనే ఆ మాట కోసం ఎదురుచూడడమూ జరిగింది. 1990ల్లో కంపెనీ నష్టాల్లో కూరుకుపోయి ఖాయిలా పరిశ్రమల జాబితాలోకి పోయింది. ఆ దశాబ్దం చివరికి ఈ హక్కుకు గండి పడింది. 2016లో తిరిగి ప్రకటించారు. 2017 మార్చిలో హైకోర్టు కొట్టివేసింది. 2018లో 'కారుణ్య నియామకాలు' అన్న పేరుతో అది మరో రూపంలో వచ్చింది. మాట ఎలా మారిందో రచయితలు గమనించాలి. వారసత్వం అన్నప్పుడు అది హక్కు. కారుణ్యం అన్నప్పుడు ఇచ్చేవాడి దయ. పోరాడి తెచ్చుకున్నది కాలక్రమంలో దయగా పేరు మార్చుకోవడం సంస్థల చరిత్రలో తరచు కనిపించే విషయమే.

ఇక ప్రాణరక్షణ. 1975 డిసెంబరులో బీహారులోని చాస్‌నాలా గనిలోకి నీళ్ళు దూసుకువచ్చి 375 మంది మరణించారు. నీటితో నిండిన పాత గనుల దగ్గర తవ్వేటప్పుడు ఎంత జాగ్రత్త పడాలో దేశానికంతటికీ తెలిసిన పాఠం అది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్ళు వచ్చి 17 మంది మరణించారు. పాఠం తెలియడానికీ, అది గని లోపల అమలు కావడానికీ మధ్య ఎంత దూరం వుందో ఈ రెండు తేదీలు చెబుతాయి. 1923 నాటి చట్టం నుంచి మొదలై నష్టపరిహారం మొత్తం పెరుగుతూ వచ్చింది. 2024లో పర్మనెంటు ఉద్యోగులకు బ్యాంకు ద్వారా కోటి రూపాయల ప్రమాద బీమా ఏర్పాటయింది. అది మంచిదే. చావుకు పెరిగిన ధరనూ, చావు జరగకుండా చూసే ఏర్పాటునూ ఒకే పద్దులో రాయకుండా వుండాలి. ఆసరా వేరు, రక్షణ వేరు.

ఇప్పుడు కంచె సంగతి. 1990ల తొలినాళ్ళలో సింగరేణి కార్మికుల సంఖ్య లక్ష దాటింది. ఇప్పుడు పర్మనెంటు ఉద్యోగులు నలభై వేల చుట్టుపక్కల వున్నారు. బొగ్గు తగ్గలేదు, పెరిగింది. ఓపెన్‌కాస్టులూ, యంత్రాలూ, కాంట్రాక్టర్లూ వచ్చారు. 1889లో మనిషిని తెచ్చిన కాంట్రాక్టరు వంద సంవత్సరాల తరువాత కొత్త బట్టలు వేసుకుని తిరిగి వచ్చాడు. 2024 సెప్టెంబరులో, విస్తరణకు పక్కన పెట్టినది పోగా మిగిలిన లాభంలో 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు, కార్మికుల వాటాగా ప్రకటించారు. పర్మనెంటు ఉద్యోగికి సగటున లక్షా 90 వేలు వచ్చాయి. అప్పుడే మొదటిసారిగా సుమారు 25 వేలమంది కాంట్రాక్టు కార్మికులకు కూడా వాటా ఇచ్చారు. తలకు 5 వేలు. ఒకే దుమ్ము పీల్చే ఇద్దరి మధ్య ముప్ఫయి ఎనిమిది రెట్ల తేడా. అంతకు రెండేళ్ళ ముందు, 2022 సెప్టెంబరులో, ఈ కాంట్రాక్టు కార్మికులు హైపవర్ కమిటీ వేతనాలకోసం సమ్మె చేశారు. ఆ సమ్మె మీద మన పత్రికల్లో ఎన్ని కథలు వచ్చాయో లెక్క పెట్టుకోవాలి.

కంచెకు రెండవ వైపు స్త్రీ వుంది. 1952 చట్టం ఆమెను గని లోపలికి పోకుండా నిషేధించింది. రక్షణ పేరుతోనే నిషేధించింది. 2019లో గాని ఆ తలుపు తెరుచుకోలేదు. అంతవరకూ సింగరేణి కుటుంబంలో ఆమెకు భార్యగా, తల్లిగా, వితంతువుగా స్థానం వుంది. అరుదుగా పైపనుల్లో కార్మికురాలిగా చోటు దొరికింది.

మిగిలిన స్త్రీలు ఏం చేశారు? ఆ జవాబుకోసం కోరుట్లకు తిరిగి రావాలి. గనికి పోయినవాడి అక్క, చెల్లెలు, వదినె ఇంటి గడపలో కూచుని ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టారు. తూనికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి, కట్ట కట్టారు. బీడీ కార్మికుల చట్టం వచ్చినది 1966లో. ప్రావిడెంటు ఫండు పరిశ్రమకు వర్తించినది 1977లో. చట్టం వున్నా కార్డు వున్నవాళ్ళు, లేనివాళ్ళు అన్న విభజన అక్కడా వచ్చింది. ఇల్లే కార్ఖానా అయినప్పుడు యజమాని ఎవరో చూపించడం కష్టం.

సిరిసిల్లలో ఇంకొక రూపం. రామగుండంలో కాలిన బొగ్గు కరెంటయి గ్రిడ్డులో కలుస్తుంది. 1970లో ఏర్పడిన సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం, జనం నోట 'సెస్', ఆ ప్రాంతంలో కరెంటును పొలం బాయిల మోటార్లకూ మరమగ్గాలకూ చేరవేసింది. ఒక బాయిలోంచి వచ్చిన బొగ్గు ఇంకొక బాయిలోని నీళ్ళను పైకి తోడిందన్నమాట. అదే కరెంటుతో మగ్గం నడిపిన కార్మికుడికి మాత్రం బొగ్గు కార్మికుడికి వున్న భరోసాలో పదవ వంతు లేదు. సేటు వున్నాడు, ఆసామి వున్నాడు, కార్మికుడు వున్నాడు. నూలు సేటుది, మగ్గం ఆసామిది, రాత్రింబగళ్ళు నిలబడ్డ కాళ్ళు కార్మికుడివి. ఇంటి పెద్ద ఆత్మహత్య చేసుకుంటే ఉద్యోగం ఇవ్వడానికి అక్కడ ఉద్యోగమే లేదు.

1973 తరువాత చమురు ధరలు పెరిగినప్పుడు ఈ మూడు పట్టణాల చుట్టూ వున్న పల్లెలు గల్ఫ్ బాట పట్టాయి. అదీ ఇంధనం పిలుపే. బొగ్గు బదులు చమురు. పెద్ద చమురు సంస్థ తన సొంత ఉద్యోగికి ఇల్లు, వైద్యం, బడి సమకూర్చుకుంటుంది. జగిత్యాలనుంచి పోయినవాడు ఎక్కువగా ఆ సంస్థ ఉద్యోగి కాడు. దానికి మనుషులను సరఫరా చేసే కంపెనీ క్రింద కూలీ, లేదా ఎక్కడో భవన నిర్మాణంలో కూలీ. పాస్‌పోర్టు మరొకరి చేతిలో వుంటుంది. 1983 వలసల చట్టం అతన్ని విమానం ఎక్కే దాకా చూసింది. దిగిన తరువాత చూసేవాడు లేడు.

ఇదంతా చెప్పడం సింగరేణి కార్మికుడిని కాంట్రాక్టు కార్మికుడి ముందు దోషిగా నిలబెట్టడానికి కాదు. ఆ పోలిక పెట్టి ఇద్దరినీ తగాదాలో దింపడం యాజమాన్యాలకు ఎప్పుడూ లాభమే. చరిత్ర చెబుతున్నది వేరు. పర్మనెంటు కార్మికుడు ఇవాళ అనుభవిస్తున్నది ఒకనాడు అతనికీ లేదు. అతని తాతను కూడా కాంట్రాక్టరే తెచ్చాడు. కంచె లోపలికి రావడానికి ఆ తాతలకు యూనియను అవసరమయింది, చట్టం అవసరమయింది, 56 రోజుల ఆకలి అవసరమయింది. ఆ జ్ఞాపకం కార్మికుడిలో బతికి వున్నంతకాలం కంచె బయట నిలబడ్డవాడు అతనికి తన గతంగా కనిపిస్తాడు. ఆ జ్ఞాపకం పోయిననాడు పోటీదారుగా కనిపిస్తాడు.

ఆ జ్ఞాపకాన్ని నిలపడం రచయితల పని. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి. చంద్ వంటివాళ్ళు గనినీ పల్లెనూ కథగా మనకు ఇచ్చారు. వారి తరువాత రావలసిన కథల్లో ఓపెన్‌కాస్టు గుంత అంచున టిప్పరు నడిపే పిల్లవాడు వుండాలి. గని లోపలికి మొదటిసారి దిగిన ఇంజనీరు అమ్మాయి వుండాలి. సాహిత్య విద్యార్థులు ఒక పని చేయవచ్చు. తమ ఊళ్ళో ముసలి బాయి కార్మికుడి దగ్గర కూచుని, ప్రమాదాల సంగతి అడగడానికి ముందు, అతని ప్రావిడెంటు ఫండు కాగితాలూ, పెన్షను కాగితాలూ చూపించమనాలి. 1998 పథకం క్రింద వచ్చే ఆ పెన్షను ధరలతోపాటు పెరగనిది. ఆ కాగితాల్లో ఏ సంవత్సరం ఏది చేరిందో చూసి, అది ఎలా వచ్చిందని అడగాలి.

మా పల్లెలో చాలా పొలం బాయిలు ఇప్పుడు పూడిపోయాయి, బోర్లు వచ్చాయి. గోదావరిఖనిలో బొగ్గు బాయిలు కొన్ని మూతబడ్డాయి, వాటి పక్కన గుట్టలంత మట్టి కుప్పలు లేచాయి. రెండు బాయిల్లోనూ దిగిన మనుషులు మాత్రం ఇంకా కొందరు బతికి వున్నారు. వారిని అడగడానికి మనకు మిగిలివున్న కాలం ఎక్కువ లేదు.